సేవ్ బటన్ తెర కింద ఉందట

పోయిన వారం చిత్తూరులో ఒక మామిడి మండీకి వెళ్లాను. తోతాపురి లోడ్లు దిగుతున్న వేళ. గుమాస్తా పెద్దాయన కొత్త ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తూకం, రేటు, హమాలీ ఖర్చు ఎక్కించి, ట్యాబ్ మీటను వరుసగా తొమ్మిదిసార్లు నొక్కి ఎంటర్ కొట్టారు. ఎందుకండీ అలా అని అడిగాను.

"సేవ్ బటన్ తెర కింద ఎక్కడో ఉంది బాబూ, కనపడదు. లెక్కపెట్టుకుని నొక్కాలి."

ఒకసారి లెక్క తప్పి రద్దు బటన్ మీద పడిందట. ఎదురుగా నిలబడ్డ రైతును తూకం చీటీ మళ్లీ అడగవలసి వచ్చిందట. సాఫ్ట్‌వేర్ అమ్మినవారికి ఫోను చేస్తే, తెర రిజల్యూషన్ మార్చుకోమన్నారట. నాకు ఒళ్లు మండింది.

ఆ తెర 1920×1080దే. ఆయనకు చూపు ఆనక మనవడు స్కేలింగ్ (తెర మీద అన్నీ పెద్దవిగా చూపే అమరిక) 150 శాతం పెట్టాడు. అప్పుడు ఫారానికి, అంటే లెక్కలు ఎక్కించే ఆ విండోకు, మిగిలే చోటు 1280×720, అందులోనూ టాస్క్‌బార్ పోవాలి. ఫారం గీసినవారు తమ పెద్ద మానిటర్ మీద 900 పిక్సెళ్ల ఎత్తు గీసి వదిలేశారు. పైగా స్కేలింగ్ సంగతి నేను చూసుకుంటానని ప్రోగ్రామ్ విండోస్‌కు చెప్పలేదు. అందుకే విండోస్ దాన్ని ఫొటోలా సాగదీసింది, అక్షరాలు మసకబారాయి.

చాలామంది చెప్పే చిట్కా ఒకటుంది: తెర వెడల్పును 1920తో భాగించి, ఆ నిష్పత్తితో ప్రతి కంట్రోల్ (బటన్, గడి, లేబుల్) కొలతనూ గుణించడం. దయచేసి ఆ పని చేయకండి. పెద్దాయన చూపు కోసం పెద్దవి చేసుకున్న అక్షరాలను మళ్లీ చిన్నవి చేసి ఆయన చేతిలో పెట్టడమే అది.

ఫారాలు గీసేవారికి నా మాట: సేవ్ బటన్‌ను కింది, కుడి అంచులకు యాంకర్ చేయండి, అంటే విండో సైజు మారినా ఆ అంచులను వదలకుండా కట్టండి. గ్రిడ్‌ను (వరుసల పట్టికను) నాలుగు అంచులకూ కట్టండి. చోటు తగ్గితే తగ్గవలసింది గ్రిడ్ ఒక్కటే, దానికి స్క్రోల్‌బార్ ఉంటుంది. ఫారం ఎత్తు టాస్క్‌బార్ పోను మిగిలిన చోటు దాటకూడదు. కంట్రోల్స్‌ను వరుసల్లో సర్దే టేబుల్ లేఅవుట్ ప్యానెల్, స్కేలింగ్‌కు తగ్గట్టు ఫారాన్ని సర్దే ఆటోస్కేల్ మోడ్ 2005లో మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ 2.0తోనే వచ్చాయి. యాంకర్ అంతకన్నా పాతది. ఇన్నేళ్లుగా చేతిలో ఉన్న పనిముట్లు ఇవి.

తెలుగు లేబుళ్ల సంగతి ఇంకా బాధ. 13 పిక్సెళ్ల ఎత్తు ఇంగ్లీషు అక్షరానికి చాలుతుంది. మనకు పైన గుడి, కింద వత్తు ఉంటాయి. ఆ బిల్లు ఫారంలో "మొత్తం" అన్న మాటకు కింది వత్తు తెగిపోయి "మొతం" అని కనిపిస్తోంది. రైతు డబ్బు లెక్క చూసే గడి అది! లేబుల్‌కు ఆటోసైజ్ (మాటకు తగ్గట్టు తానే పెరిగే అమరిక) పెట్టి ఉంటే వత్తు నిలిచేది. ఒక్క క్లిక్కు పని.

తిరుపతికి తిరిగి రాగానే నా మానిటర్‌ను ముందు 1366×768కి, తర్వాత 150 శాతానికి మార్చి, నేను ఇతరులకు తయారుచేసి ఇచ్చిన ఫారాలన్నీ ఒక్కొక్కటిగా తెరిచాను. రెండింటిలో ప్రింట్ బటన్ కిందికి జారిపోయి ఉంది. ఆ రెండూ సరిచేసి నిన్న రాత్రి పంపాను.