డేటా మాది, డిగ్రీ మాత్రం మీదేనా?

ఎకనామిక్స్‌ల మాస్టర్స్, అదీ లెక్కలు తప్ప ఇంకేం కనపడని క్వాంటిటేటివ్ మాస్టర్స్ చేసే పిల్లలు ఢిల్లీల చదవనీ అమెరికాల చదవనీ, డెవలప్‌మెంట్ (పేద దేశాల బతుకుదెరువు మీద) సబ్జెక్టు తీసుకుంటే చాలు, పాలమూరుకు వచ్చి పోవాల్సిందే. బస్సెక్కే పని లేదు, రిగ్రెషన్‌లనే (ఒక అంకెకు ఇంకో అంకెతోని ఉన్న సంబంధం కొలిచే లెక్క) వచ్చి రిగ్రెషన్‌లనే పోతరు. ఈ సంగతి పాలమూరుల ఎవ్వరికీ తెల్వదు, తెల్వనియ్యలేదు అన్నా తప్పు లేదు. అందుకే ప్రభుత్వానికి, యూనివర్సిటీలకు, అవసరం పడితే స్వీడన్‌ల నోబెల్ ఇచ్చే పెద్దలకు సుత ఈ వ్యాసం ద్వారా ఒక్క డిమాండ్ పెడుతున్న: డేటా ఇచ్చిన ఊర్లకు డిగ్రీ ఇయ్యాలె. శాలువా కప్పి చేతుల పెట్టే గౌరవ డిగ్రీ మాకొద్దు, మార్కుల మెమోతోని సహా కావాలె.

కథ 1975ల మొదలైంది. మెట్ట పంటల మీద పరిశోధన చేసే పటాన్‌చెరు ఇక్రిశాటోళ్లు మెట్ట రైతు ఎట్ల బతుకుతున్నడో చూద్దామని ఆరు ఊర్లు పట్టుకున్నరు. షోలాపూర్ దిక్కు రెండు, అకోలా దిక్కు రెండు, మన దగ్గర ఔరేపల్లి, దోకూర్. (జిల్లాలు ముక్కలు చేసినంక ఔరేపల్లి రంగారెడ్డి కిందికి పోయింది గానీ రీసెర్చ్ పేపర్లల ఇంకా మహబూబ్‌నగరే, ఆ జీవో అమెరికా దాక అందినట్టు లేదు.) ఊరికి 40 ఇండ్లు ఏరిండ్రు: భూమి లేనోళ్లు 10, చిన్న రైతులు 10, నడిమి రకం 10, పెద్దోళ్లు 10. ఊర్లనే మకాం పెట్టిన మనిషి కొన్ని వారాలకోసారి ఇంటింటికి పోవుడు, ఏం పండింది, ఏం తిన్నరు, ఎవరి దగ్గర బదులు తెచ్చిండ్రు, ఎద్దును ఎందుకమ్మిండ్రు, కూలికి ఎన్ని దినాలు పోయిండ్రు అని అడిగి రాసుకునుడు, ఇట్ల ఏండ్లకేండ్లు. సొంత బామ్మర్ది వచ్చి ఈ ప్రశ్నలడిగితే మళ్ల గడప తొక్కనియ్యం. మనోళ్లు మాత్రం ఓపికగ అన్నీ చెప్పిండ్రు, చాయ్ పోసి మరీ చెప్పి ఉంటరు.

ఆ చెప్పిందాంతోనే 1994ల రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆర్థికవేత్త ఎకనోమెట్రికా అనే జర్నల్‌ల పేపరేసిండు, ఆ జర్నల్‌ల పేరొస్తే ప్రొఫెసర్ల జన్మ ధన్యం. ఆయన ప్రశ్న ఏందంటే, ఒకని పంట పోతే వాని కంచంల అన్నం తగ్గుతదా, లేకుంటే ఆ దెబ్బను ఊరంతా పంచుకుంటదా? నిజంగ పూర్తిగ పంచుకుంటే వాని తిండి ఊరి సగటు తిండితోని పాటు పెరగాలె, తరగాలె, వాని సొంత సంపాదనతోని పనే ఉండొద్దు. ఔరేపల్లితోని పాటు ఇంకో రెండు ఊర్ల లెక్కలు పెట్టి చూస్తే తేలింది ఏందంటే, పూర్తిగ పంచుకోరు గానీ అనుకున్నదానికంటే మస్తు దగ్గర దాక పోతరు, భూమి లేనోళ్లకు ఆ ఆసరా తక్కువ. ఇదే ముచ్చట కల్లు కాంపౌండ్ల అడిగితే "పటేలుకు పంట పోతే పది మంది బదులిస్తరు, కూలోనికి పని పోతే ఎవడిస్తడే" అని సీసా దించకుండ చెప్తరు. కానీ దాంట్ల స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా ఎంత అటు ఇటు కావొచ్చో చెప్పే అంకె) ఉండదు కాబట్టి అది సైన్సు కిందికి రాదు.

ఇంక పెండ్లిళ్ల సంగతి. 1989ల రోజెన్‌జ్వైగ్, స్టార్క్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ ఊర్ల లెక్కలే తీసుకొని తేల్చిందేందంటే, రైతు బిడ్డను దూరం ఊరికిచ్చేది ఊరికెనే కాదట, ఇక్కడ వాన పడకున్నా అక్కడ పడుతది, వియ్యంకుని ఇంటికెళ్లి సాయం అందుతది, పంట ఎంత నమ్మకం లేకుంటే బిడ్డను అంత దూరమిస్తరట. మా మేనత్తను కొల్లాపూర్ అవతలికిచ్చిండ్రు. "గింత దూరమెందుకిస్తివే నాయినా" అని ఆమె ఇప్పటికీ పండుగకు వచ్చినప్పుడల్లా తాత ఫొటో ముందర నిలబడి గులుగుతది. పాపం తాతకు చెప్పుకొనుడు రాలే, నీ పెండ్లి పెండ్లి కాదు బిడ్డా, మన ఇంటి రిస్క్ పోర్ట్‌ఫోలియోల కోవేరియన్స్, అంటే అన్ని దిక్కుల ఒక్కసారే నష్టం వచ్చుడు, తగ్గించుడు అని అప్పుడే అని ఉంటే ఆమె ఎంత సంబురపడునో.

ఇప్పుడు డిగ్రీ దిక్కు చూద్దాం. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ల క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ సీటు కావాలంటే ఎంట్రెన్స్‌ల ఒక పేపర్ మొత్తం మ్యాథ్సే. డిమాండు, సప్లై గీతలు గీసుకుంటూ రెండేండ్లు గడుపుదామని పోయినోనికి మొదటి వారంలనే ఓపెన్ సెట్, క్లోజ్డ్ సెట్, కకుటాని ఫిక్స్‌డ్ పాయింట్ అని వట్టి మ్యాథ్సే మొదలైతది, రూపాయి బొమ్మ సెమిస్టర్ అయిపోయేదాక కనపడదు. నడుమల ఒక్క పేరు మాత్రం చల్లగ తగులుతది, సి.ఆర్. రావు. మన తెలుగాయన, ఆంధ్రా యూనివర్సిటీల లెక్కలు చదివి, 1945ల, పాతికేండ్ల వయసుల, ఒక దిక్కు మొగ్గని ఏ ఎస్టిమేటర్ (అంచనా కట్టే పద్ధతి) అయినా ఇంతకంటే కచ్చితంగ ఉండజాలదు అని హద్దు గీసిన మనిషి. మనోడే అని గర్వపడే లోపల్నే ఆ హద్దును ప్రూవ్ చెయ్యమని పది మార్కుల ప్రశ్న వస్తది.

టేబుల్‌ల అంకె పక్కన మూడు స్టార్లుంటే, అంటే ఇది వట్టిగ తగిలిన అంకె కాదు అనే గుర్తుంటే, పేపర్ అచ్చయితది, లేకుంటే లేదు. మా తాత మృగశిర, ఆరుద్ర చూసి విత్తనం పెట్టేటోడు, దాన్ని మూఢనమ్మకం అన్నోళ్లే ఇప్పుడు స్టార్లు చూసి పేపర్ పెడుతున్నరు.

మిత్తి లెక్క ఇంకా సొంపుగుంటది. ఇయ్యాల ఎంత తినాలె, రేపటికి ఎంత దాచాలె అనేదానికి ఆయిలర్ ఈక్వేషన్ అని ఒకటుంటది, పుస్తకంల బీటా (ఇయ్యాలటి తిండి ముందర రేపటి తిండికి ఇచ్చే విలువ) 0.96 పెట్టి, మిత్తి ఏడాదికి 4 శాతం చిల్లర పెట్టి, తిండి ఏటేటా సమానం అని ముచ్చటగ తేలుస్తరు. ఊర్ల నూటికి మూడు రూపాల మిత్తి, అంటే ఏడాదికి 36. ఆ అంకె అందుల పెడితే ఇయ్యాల కడుపు మాడ్చుకో, ముందుముందు తిందువు అని జవాబొస్తది. ఆ మాట చెప్పెతందుకు ఊర్ల షావుకారి ఉన్నడు, ఆయన ఫీజు తీసుకోడు, మిత్తే తీసుకుంటడు.

ధైర్యం సంగతి సుత కొలిచిండ్రు. హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆయన ఈ ఊర్ల రైతులతోని నిజం పైసలు పెట్టి బొమ్మా బొరుసు ఆడించిండు: ఏది పడ్డా 50 రూపాలు ఖాయం కావాల్నా, లేకుంటే ఒకటి పడితే సున్నా, ఇంకోటి పడితే 200 కావాల్నా, నడుమ ఇంకొన్ని రకాలు. పైసలు పెద్దగైన కొద్దీ దాదాపు అందరూ నడిమిల ఆగిండ్రట, ఉన్నోడు లేనోడు అని పెద్ద తేడా లేదట. 2003ల మన జిల్లాలనే పల్లి, ఆముదం రైతులకు వాన ఇన్సూరెన్స్ తెచ్చిండ్రు. థియరీ ప్రకారం భయపడేటోడే ముందుగాల కొనాలె. ఇక్కడ భయపడేటోళ్లే తక్కువ కొన్నరు, దీన్ని పండితులు వింత అన్నరు. తెల్వని కంపెనీకి పైసలు కట్టుడు సుత ఒక జూదమే అని భయపడేటోనికి కాక ఇంకెవ్వనికి తెలుస్తది?

కాబట్టి నా ప్రతిపాదన. ఊరికి 40 చొప్పున లెక్క చెప్పిన ఆ ఇండ్లోళ్లకు, వాళ్ల మనుమలకు ఎంట్రెన్స్ లేకుండ డిగ్రీ. మిగతా పాలమూరోళ్లకు, నల్లగొండ బత్తాయి రైతులకు వైవా ఉంటది, బాదేపల్లి మార్కెట్ యార్డుల, తూకమేసే దడువాయి ఎగ్జామినర్. తక్‌పట్టి (పంట అమ్మిన చీటీ) చేతుల పెట్టి హమాలీ పోను, తరుగు పోను, తేమ పేరు మీద కోసింది పోను చేతికెంతొస్తదో నోటితోని చెప్పాలె, అంతే, అది అప్లయిడ్ ఎకనోమెట్రిక్స్. బొంబాయి వలస పోయొచ్చినోళ్లకు లేబర్ ఎకనామిక్స్ క్రెడిట్లు ఆటోమేటిక్‌గ పడిపోతయి. పండితులు స్టాండర్డ్ తగ్గుతదంటరు. మాస్టర్స్ చేసినోన్ని పత్తి ఈసారి ఏం రేటు పోతదని అడుగుండ్రి, "మిగతా పరిస్థితులు మారకుంటే" అని మొదలుపెడతడు, పత్తికి మారని పరిస్థితి ఏ ఏడున్నది?

ఈ డిమాండ్ మొత్తం మా నాయినకు చదివి వినిపించిన, సంతకం పెట్టు నాయినా అన్న. పల్లికాయ ఒలుసుకుంటనే విన్నడు. "ఫీజెంతరా? కట్టినంక ఇయ్యకుంటే ఎవన్ని అడగాలె? ముందుగాల ఊర్ల ఒకనికి ఇయ్యమను, ఇచ్చిండ్రంటే అప్పుడు చూద్దాం" అన్నడు.