అందరికీ తలుపులు తెరిచిన మా తాండ్ర కంపెనీ

విజయనగరంలో మా మామిడి తాండ్ర కంపెనీ మీద ఈమధ్య ఒక అపవాదు పడింది. మా వెబ్‌సైటులో చూపులేనివాళ్లు తాండ్ర కొనుక్కోలేకపోతున్నారట. కంపెనీ ఉప్పు తిన్నవాణ్ణి (తాండ్ర అనాలేమో), నిజానిజాలు నలుగురికీ చెప్పడం నా ధర్మం.

అపవాదు వేసింది ఒక రిటైరైన వయొలిన్ మాస్టారు. ఆయనకు చూపు లేదు. ఫోనులో టాక్‌బ్యాక్ పెట్టుకుంటారు. తెర మీద వేలు ఎక్కడ పెడితే అక్కడున్నది అది చదివి వినిపిస్తుంది. నేరుగా మా ఆఫీసుకే వచ్చి, ఫోను బల్ల మీద పెట్టి వేలు జరిపారు. "అన్‌లేబుల్డ్, బటన్" అంది ఫోను. ఇంకాస్త జరిపారు. "అన్‌లేబుల్డ్, బటన్." ఇంకా కిందికి వెళ్తే, బొమ్మ ఫైలు పేరు చదివి "ఐఎంజీ 2043" అంది.

"ఇందులో తాండ్ర ఏది బాబూ?" అన్నారు.

"ఆ 2043యే మాస్టారూ, మా స్పెషల్" అన్నాను. అబద్ధం ఆడలేదు.

అసలు మేం సౌకర్యాలకు వెనకాడే మనుషులమా? దుకాణం ముందు ర్యాంపు ఎప్పుడో కట్టించాం. ప్రొప్రైటరుగారి బుల్లెట్ ఎక్కడానికి అంత వీలైన ర్యాంపు మూడు లాంతర్ల నుంచి గంటస్తంభం దాకా ఇంకోటి లేదు.

అయినా మాట పడ్డాం కాబట్టి విశాఖ నుంచి ఒక కుర్రాణ్ణి పిలిపించాం. ప్రతి బటన్‌కూ పేరుండాలన్నాడు. బొమ్మలో ఏముందో మాటల్లో రాయాలన్నాడు. మౌసు ముట్టకుండా కీబోర్డుతోనే ఆర్డరు పూర్తవ్వాలట. మామూలు సైజు అక్షరానికీ దాని వెనక రంగుకీ తేడా కనీసం 4.5కి 1 ఉండాలట. 2008 నుంచీ ప్రపంచమంతా వాడుతున్న ప్రమాణాల్లో ఉందట ఇది. మా సైటులో తెలుపు మీద పసుపు అక్షరాలు. "మామిడిపండు పసుప్పచ్చగా కాక నల్లగా ఉంటుందేటయ్యా?" అని ప్రొప్రైటరుగారు నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. తర్వాత ఆయనే ఏదో పనిబడి సైటులో కంపెనీ నంబరు వెతుకుతూ, ఫోనును బారెడు దూరం పట్టుకుని, కళ్లజోడు నుదుటి మీదికెత్తి, మళ్లీ దించి, చివరికి నన్ను చదవమన్నారు. అది వయసు దోషం. సైటుకేం సంబంధం?

కుర్రాడు అంతటితో ఆగలేదు, చట్టం తీశాడు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చిందన్నాడు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పిందన్నాడు. యాసిడ్ దాడికి గురైనవాళ్లనీ చూపులేనివాళ్లనీ కేవైసీకి కళ్లు ఆర్పి చూపించమంటే ఎలాగన్నదే ఆ కేసట. ప్రొప్రైటరుగారు ఊపిరి పీల్చుకున్నారు. "మనం కళ్లు ఆర్పమనడం లేదు కదా! వంకర అక్షరాలు చూసి టైపు చేసి, మనిషేనని రుజువు చేసుకోమంటున్నాం, అంతే."

మాస్టారు ఆరోజు వెళ్తూ వెళ్తూ ఒక పాత కథ గుర్తుచేశారు. 1919లో ఇక్కడ మహారాజావారు సంగీత కళాశాల పెట్టింది, తమ కొలువులో ఉన్నాయన కొడుకు, చూపులేని పిల్లాడు, సంగీతం నేర్చుకోవాలనేట. తొలి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. వినడానికి బాగానే ఉంది. కానీ రాజుల కాలం వేరు, వాళ్లకు జీఎస్టీ లేదు. ఒక్క కుర్రాడి కోసం ఏకంగా కాలేజీ పెట్టేయగలరు. మేం ఒక్క కస్టమరు కోసం ఒక్క బటన్‌కు పేరు పెట్టాలంటే బడ్జెట్ చూసుకోవాలి.

చూసుకున్నాం. నెలనెలా అద్దె కట్టి సైటులో ఒక బొమ్మ పెట్టించాం. నీలం చక్రంలో చేతులు చాచిన చిన్న మనిషి. దాన్ని నొక్కితే సైటు దివ్యాంగులకు వీలుగా మారిపోతుందట. బటన్లకు పేర్లు పెట్టే పని పక్కన పెట్టాం, బొమ్మ వచ్చేసింది కదా. ఫోనులో చూస్తే అది సరిగ్గా 'ఆర్డర్' బటన్ మీదే నిలబడింది. ఇప్పుడు చూపున్నవాళ్లూ కొనలేకపోతున్నారు. ఇంతకన్నా సమానత్వం ఇంకెక్కడుంటుంది?

వచ్చే ఆదివారం దీనికి ప్రారంభోత్సవం. మాస్టారే ముఖ్య అతిథి. బంగారు రంగు అక్షరాలతో ఆహ్వానపత్రిక డిజైన్ చేయించి, మొదటిది ఆయనకే వాట్సాప్ చేశాం. పది నిమిషాల్లో ఫోన్ చేశారు.

"బాబూ, మీ దగ్గర్నుంచి ఏదో వచ్చింది. ఫోను 'ఫొటో' అనేసి ఊరుకుంది. ఏటది?"