కవళ్లోయ్ కవళ్లు

మా అమ్మాయి సైకాలజీ చదువుతోంది. ప్రయోగానికి ఎలకలు దొరకలేదు కాబోలు, నన్ను కూర్చోబెట్టింది. పీటర్సన్, సెలిగ్మన్ అనే ఇద్దరు అమెరికా పండితులు 2004లో మనిషిలోని మంచి గుణాలు 24 అని లెక్క తేల్చారట. ఫోన్‌లో ప్రశ్నలకు జవాబులు నొక్కితే, మనలో ఏది ఎక్కువో ఏది తక్కువో వరసపెట్టి చూపిస్తుందట. నొక్కాను. మొదటి స్థానంలో ‘వినయం’ వచ్చింది. వంటింట్లో మా ఆవిడ నవ్విన నవ్వులో కుక్కర్ విజిల్ కలిసిపోయింది.

“ఆ ఇరవై నాలుగులో గొంతు లేదుటే?” అంది.

లేదు. ఉంటే ఆ పండితులకే కొలిచే సాధనం దొరికేది కాదు. చిన్నప్పుడు అల్లరి చేశానని మాస్టారు వరండాలో నిలబెడితే, అక్కణ్నుంచి నేనప్పజెప్పిన పదమూడో ఎక్కం పక్క బడి పిల్లలకి వచ్చేసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఆవిడ నాతో ఎక్కువసార్లన్న మాట “మెల్లగా!” ఒకసారి చుట్టాలను తీసుకుని ఆర్కే బీచ్‌లో కురుసుర చూడ్డానికి వెళ్లాం. 1969 నుంచి 2001 దాకా నీళ్లలో గుట్టుగా తిరిగిన జలాంతర్గామి అది. ఆ ఇరుకు దారిలో మా ఆవిడ చెవిలో “మీ బావగారు టికెట్ డబ్బులు మళ్లీ నాచేతే ఇప్పించాడు” అన్నాను. చెవిలోనే అన్నాను. ముందు నడుస్తున్న బావగారే కాదు, వరసలో ఉన్న జనమంతా వెనక్కి తిరిగి ఆయన్ని చూశారు.

ఇక ఆదివారం సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. అది తీరి బోట్లు తిరిగొచ్చిన మొదటి ఆదివారం విశాఖలో చేపలు తినేవాడెవడూ ఇంట్లో కూర్చోడు. నేనూ తెల్లారకుండానే ఎంవీపీ కాలనీ నుంచి స్కూటర్ వేసుకుని, బీచ్ రోడ్డు మీదుగా ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాను. పని చిన్నదే. కిలో చందువాలు.

అక్కడ ఇంజన్ల మోత, మంచుగడ్డలు కొట్టే మోత, కాళ్ల కింద చేపనీళ్లు. నా వెనకాలే ఏదో కుప్పకి వేలంపాట నడుస్తోంది. నేను చందువాల ధర అడిగి ఇంటికి ఫోన్ చేశాను.

“ఎంతంటున్నాడు?” అంది మా ఆవిడ.

“పన్నెండొందలు!”

“వినబడ్డం లేదు!”

నా గొంతు గురించి ఆ మాట వినడం జీవితంలో అదే మొదలు. పౌరుషం వచ్చింది. ఊపిరి బిగబట్టి “పన్నెండొందలూ!” అన్నాను.

హార్బర్ ఒక్క క్షణం ఆగింది. బల్లల మీది కాకులు లేచిపోయాయి. వెనక నుంచి “పన్నెండొందలు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి” అని వినబడింది. తిరిగి చూస్తే అందరూ నన్నే చూస్తున్నారు. ఈ గొంతుతో ఈ జన్మలో పాట పాడతాననుకోలేదు. పాడేశాను. నా ముందు ఒక గంపెడు కవళ్లు.

“నాది కాదమ్మా, ఫోన్‌లో మా ఆవిడతో...”

“ఓలమ్మో! జాతర్లో మైకునాగ అరిసి, ఇప్పుడు కాదంతావేటి బాబూ?” అంది గంప పక్కనున్న ముసలమ్మ. చుట్టూ మరో పదిమంది ఆడవాళ్లు చేరారు. నా వినయం అప్పుడు బయటపడింది. డబ్బులిచ్చేశాను.

కవళ్లు రుచికేం, దివ్యంగా ఉంటాయి. కానీ ముల్లు ఎక్కువ, ఎండ తగిలితే ఆగవు. గంప స్కూటర్ ముందు పెట్టుకుని అపార్ట్‌మెంట్ గేట్లోకి రాగానే సెక్రటరీ గారు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. “లిఫ్టులో మాత్రం వద్దండీ” అన్నారు. పైనుంచి మా ఆవిడ గంపని చూసింది, నన్ను చూసింది, బాల్కనీ తలుపు వేసేసుకుంది.

స్కూటర్ పెదవాల్తేరు సందుల్లోకి తిప్పాను. మొదటి సందులో సిగ్గేసి నోరు పెగల్లేదు. కాలేజీలో చదివినవాణ్ని, పెన్షన్ తీసుకుంటున్నవాణ్ని. రెండో సందులో ఒక పిల్లి వెంటపడింది. మూడో సందులో, ఇక లాభం లేదని కళ్లు మూసుకుని...

“కవళ్లోయ్... కవళ్లూ!”

మూడో అంతస్తు కిటికీలు కూడా తెరుచుకున్నాయి. పై నుంచి తాళ్లకు కట్టిన బుట్టలు దిగాయి. ఒకావిడ గిన్నెతో పరిగెత్తుకొచ్చి, “ఇన్నాళ్లూ ఏమైపోయావయ్యా?” అంది. గంట తిరక్కుండా గంప అడుగు కనబడింది. పెట్టుబడి పోగా నూట ఎనభై రూపాయలు లాభం, ఇంటికి అరకిలో కవళ్లు. మా ఆవిడ వాటిని పులుసు పెట్టింది కానీ, ఆ నూట ఎనభై మూడుసార్లు లెక్కపెట్టుకుంది.

సోమవారం పొద్దున్నే సెక్రటరీ గారు మా తలుపు కొట్టారు. గంప గురించి జరిమానాకే అనుకున్నాను.

“నీళ్ల ట్యాంకర్ వచ్చిందండీ. వాట్సాప్‌లో పెడితే ఒక్కరూ చూడరు. మీరు కాస్త కిందకొచ్చి...”

“కిందకెందుకండీ?” అని బాల్కనీ తలుపు తీశాను. మా ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. కానీ ఈసారి “మెల్లగా” అనలేదు.