మడి కట్టుకున్న స్విచ్చు

ఈ మధ్య బాగా చదువుకున్నవాళ్ళ ఇళ్ళల్లో స్విచ్చులు మడి కట్టుకుంటున్నాయి. మీరూ చూసే ఉంటారు. బోర్డులో అన్నీ మామూలు స్విచ్చులే, ఒక్కదానికి మాత్రం అడ్డంగా తెల్ల ప్లాస్టర్, దాని మీద స్కెచ్ పెన్నుతో ‘ముట్టుకోవద్దు’ అని. కరెంటు కొడుతుందేమోనని కంగారు పడకండి. వైరింగ్ నిక్షేపంలా ఉంది. ఆ స్విచ్చు నొక్కితే లైటు ఆరిపోతుంది. అదీ ప్రమాదం.

తెలియనివారి కోసం చెబుతున్నాను. స్మార్ట్ బల్బు నోటిమాటతో వెలుగుతుంది, నోటిమాటతో ఆరుతుంది. అందుకోసం ఆరిపోయి ఉన్నప్పుడు కూడా దానికి కరెంటు అందుతూనే ఉండాలి. ఎవరైనా పాత అలవాటు కొద్దీ గోడ స్విచ్చు కట్టేశారంటే బల్బు వైఫై నుంచి ఊడిపోతుంది, ఇక మీరు పీక చించుకున్నా పలకదు. గదిలోంచి బయటికి వస్తూ లైటు ఆర్పకపోతే వీపు విమానం మోత మోగిన జాతి మనది. ‘బిల్లు ఎవడు కడతాడ్రా’ అన్న మాట వినకుండా పెరిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆ సంస్కారమంతా ఇప్పుడు ఇంటి నేరం.

విజయవాడలో మా అక్క వాళ్ళ అబ్బాయి డాలస్ నుంచి సెలవులకి వచ్చి, హాల్లో ఈ బల్బూ, దానికి తోడు మాట వినే డబ్బా ఒకటీ బిగించి వెళ్ళాడు. కంపెనీ పేరెందుకు లెండి, అన్నీ ఆ తానులో ముక్కలే. బిగించడమంటే హోల్డరులో తిప్పడం కాదు. యాప్ దించుకోవాలి, అకౌంటు తెరవాలి, బ్లూటూత్ ఇవ్వాలి, లొకేషన్ ఇవ్వాలి. (బల్బు హాల్లో వేలాడుతోంది, ఎక్కడికి పోతుందని లొకేషన్?) ఇంట్లో వైఫై రౌటర్ 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల సిగ్నళ్ళు వదులుతుంది. ఈ బల్బుల్లో చాలావాటికి 2.4 తప్ప మరొకటి ఎక్కదు. ఫోనేమో హాయిగా 5 పట్టుకుని కూర్చుంటుంది, ఇక రెండూ కలవవు. యాప్ ఆ ఒక్క ముక్కా తెలుగులో కాకపోయినా కనీసం ఇంగ్లీషులోనైనా చెప్పొచ్చుగా? చెప్పదు. ‘సమ్‌థింగ్ వెంట్ రాంగ్’ అంటుంది. ఆ సంగతి మాకూ తెలుసు తల్లీ.

ఆ ఇంట్లో నేను పడుకున్న రాత్రి కరెంటు పోయింది. పోయి వచ్చింది. ఇలాంటి బల్బులకి ఇంకో సుగుణం ఉంది. సెట్టింగ్స్‌లో మార్చకపోతే, కరెంటు రాగానే ఎవరూ అడగకుండానే నిండుగా వెలుగుతాయి. అర్ధరాత్రి హాలంతా పెళ్ళిపందిరి. బావగారు లేచి, లుంగీ సర్దుకుని, గొంతు సవరించుకుని, “టర్న్ ఆఫ్ హాల్ లైట్” అన్నారు. ‘హాల్ లైట్ ఈజ్ నాట్ రెస్పాండింగ్’ అంది డబ్బా. గొంతు పెంచారు. ‘హాల్ లైట్ పేరుతో రెండున్నాయి, ఏది కావాలి’ అని ఇంగ్లీషులో అడిగింది. ఉన్నది ఒక్కటే. రెండోది, అంతకుముందోసారి తీసి మళ్ళీ ఎక్కించినప్పుడు యాప్‌లో మిగిలిపోయిన దాని ఆత్మ.

అబ్బాయికి ఫోన్ చేశారు. వాడికక్కడ మధ్యాహ్నం, మీటింగ్‌లో ఉన్నాడు. “నాన్నా, రీసెట్ చేసి మళ్ళీ యాడ్ చేయాలి, ఓటీపీ నాకొస్తుంది, చెబుతా” అన్నాడు. విజయవాడలో ఒక లైటు ఆర్పడానికి డాలస్ నుంచి అనుమతి. సరే, రీసెట్ ఎలా? ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి. బల్బు టపటపా కొట్టుకునేదాకా గోడ మీద స్విచ్చు వరసగా వేసి ఆర్పి, వేసి ఆర్పి చేయాలట. ఏ స్విచ్చు? ఆ స్విచ్చే.

బావగారు గోరుతో ప్లాస్టర్ పీకి స్విచ్చు కట్టేశారు. హాలంతా చీకటి. చాప మీద నుంచి అక్క వాళ్ళ అత్తయ్యగారి గొంతు వినిపించింది: “ఆరింది కదరా. ఇంక పడుకో.”

పడుకోలేదండీ! కుదరదట, ప్రొసీజర్ మధ్యలో ఆపకూడదట. లైటు ఆర్పడం కోసం, ఆరిపోయిన లైటుని మళ్ళీ వేసి, ఆర్పి, వేసి, అటు డాలస్‌లో మీటింగ్, ఇటు అక్క చేతిలో కళ్ళద్దాలూ ఫోనూ, ఓటీపీ వచ్చేలోపు టైమ్ అయిపోవడం, ఇంకో ఓటీపీ. చివరికి “కనెక్టెడ్” అని వచ్చేసరికి పాలవాడు బెల్లు కొట్టాడు.

నవ్వుకోండి. నాకు మాత్రం నవ్వు రానిది ఆ తర్వాత సంగతి. అత్తయ్యగారికి ఎనభై దాటాయి. “లైటు వెయ్యవే అమ్మా” అని ఆవిడ మర్యాదగా అడిగితే డబ్బా ‘సారీ’ అంటుంది. నానమ్మ చేత ఇంగ్లీషు ముక్కలు రోజూ నాలుగుసార్లు పలికిస్తే అదే అలవాటు పడుతుందని మనవడి సలహా. ఎవరికి ఎవరు అలవాటు పడాలిరా? 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్ళు 8.11 కోట్లు. ఫోన్లలో గూగుల్ అసిస్టెంట్ ఏనాడో తెలుగు మాట్లాడింది, అంటే యంత్రానికి మన భాష కొరుకుడు పడని కొయ్యేమీ కాదు. అమెజాన్ 2019 ఆగస్టులో, ప్రపంచంలోకెల్లా తన అతిపెద్ద భవనాన్ని తెచ్చి హైదరాబాదులో తెరిచింది. పదిహేను వేల మందికి పైగా పనిచేసే భవనం. ఆ మరుసటి నెలలోనే, ఇలా మాట వినే తన అలెక్సాకి హిందీ నేర్పింది. భవనానికి మన నేల కావాలి, కోడ్ రాయడానికి మన పిల్లలు కావాలి. ఆ పిల్లల్ని కన్నవాళ్ళ భాష మాత్రం ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు. ముసలావిడ రాత్రిపూట బాత్రూముకి లేస్తే చేతికందే స్విచ్చుకి ప్లాస్టర్ వేసి, అర్థం కాని భాషలో గోడతో మాట్లాడుకోమంటారా? కాలు జారితే ఆ యాప్ వచ్చి లేపుతుందా? సిగ్గుండాలి. ఆవిడ దిండు కింద ఇప్పుడు బటన్ల ఫోనొకటి పెట్టుకుంటున్నారు, ఎవరితోనో మాట్లాడటానికి కాదు, దానికి టార్చి ఉందని.

అబ్బాయి సంక్రాంతికి మళ్ళీ వస్తున్నాడట. ఈసారి బోరు మోటారుకి కూడా ఇలాంటిదే పెడతాడట. ట్యాంకు నిండి నీళ్ళు పక్కింటివాళ్ళ గోడ మీద కారుతుంటే, డాబా కింద నిలబడి అమెరికా యాసలో ‘స్టాప్’ అనాలి కాబోలు. బావగారు ఇప్పటికే 2.4 సిగ్నల్ మోటారు దాకా వస్తుందో లేదో ఫోను పట్టుకుని పెరడంతా తిరుగుతున్నారు. అత్తయ్యగారు మాత్రం ఒక్కటే అన్నారు: “మోటారు స్విచ్చు మీద ప్లాస్టర్ వెయ్యమను, ఆ చెయ్యి విరగ్గొడతాను.”