లెక్కలు అర్థమయ్యే వయసులోనే సంగీతం మానిపిస్తున్నాం

బడి చదువు చివరి రెండేళ్లలో ఏ సబ్జెక్టులు తీసుకోవాలన్న చర్చ మొదలవగానే ముందుగా వేటు పడేది సంగీతం మీదే. చిన్న తరగతుల్లో పాటలు పాడించి చప్పట్లు కొట్టిన పెద్దలే, పదహారో ఏడు రాగానే "ఇక చదువు మీద దృష్టి పెట్టు" అంటారు. సంగీతం చదువు కాదన్న నమ్మకంలోంచి వచ్చిన మాట అది. నిజానికి సంగీతాన్ని శాస్త్రంగా చదివేందుకు విద్యార్థి సిద్ధమయ్యేది ఆ వయసులోనే.

కర్ణాటక సంగీతంలోని 72 మేళకర్తలనే, అంటే మిగతా రాగాలకు మూలమైన రాగాలనే, తీసుకుందాం. సప్తస్వరాల్లో షడ్జ పంచమాలు (స, ప) కదలవు. రిషభ గాంధారాలు (రి, గ) జతకూడే తీర్లు ఆరు, ధైవత నిషాదాలవి (ద, ని) ఆరు, మధ్యమాలు (మ) రెండు: మొదటి 36 మేళాల్లో శుద్ధ మధ్యమం, తర్వాతి 36లో ప్రతి మధ్యమం. గుణిస్తే 72. పదేళ్ల పిల్లలు ఈ సంఖ్యను కంఠస్థం చేయగలరు, అంతే. ప్రస్తారాలు, సంయోగాలు నేర్చుకుంటున్న పదిహేడేళ్ల విద్యార్థికి మాత్రం అది 72 ఎందుకయిందో కళ్లకు కడుతుంది. ధీరశంకరాభరణమనే మేళం పేరులోని మొదటి రెండు అక్షరాలకు, అక్షరాలను అంకెలుగా మార్చే కటపయాది సూత్రం 9, 2 అంకెలనిస్తుంది. వాటిని తిరగేస్తే 29వ మేళం. శుద్ధ మధ్యమం స్థానంలో ప్రతి మధ్యమం పెడితే, అంటే 36 కలిపితే, 65వ మేళమైన మేచకల్యాణి వస్తుంది. ఆ రెండింటినీ పాడి, ఒక్క స్వరం మారినందుకు రాగం మొత్తం ఎంత వేరుగా వినిపిస్తోందో చెవితో పట్టుకున్న విద్యార్థికి గణితం ఇక కాగితానికే పరిమితం కాదు.

పాశ్చాత్య సంగీతంలోనూ ఇంతే. కంపనాల మధ్య 3:2 నిష్పత్తి గల పంచమాలను (స నుంచి ప వరకు ఉండే దూరాలను) పన్నెండుసార్లు పేర్చుకుంటూ పోతే ఏడు స్థాయిలు (స నుంచి పై స వరకు ఒక స్థాయి) పూర్తయ్యాక కూడా దాదాపు 1.36 శాతం మిగులుతుంది. ఆ మిగులును సర్దడానికే పియానోలో స్థాయిని 12 సమాన నిష్పత్తులుగా విభజించారు. దానివల్ల పంచమం 1.5కు బదులు సుమారు 1.498 అయింది. సంవర్గమానాలు తెలియనివారికి ఈ సర్దుబాటు వెనకున్న తర్కం పూర్తిగా అందదు. భౌతికశాస్త్రంలో తీగల కంపనాలు చదివేదీ ఈ తరగతుల్లోనే. చర్మవాద్యాల నాదంలో సాధారణంగా అనుస్వరాల (మూలనాదంతో పాటు వినిపించే పై నాదాల) పొందిక ఉండదు, మృదంగం, తబలాల్లో ఉంటుంది. దానికి మధ్యలోని నల్లని పూత కారణమని సి.వి. రామన్ 1920లోనే చూపించారు. అంతటి శాస్త్రవేత్తకు పరిశోధనాంశమైన విషయం మన విద్యార్థులకు కాలక్షేపం ఎలా అవుతుంది?

పోటీ పరీక్షల ఒత్తిడిలో దీనికి సమయమెక్కడిదని, గానానికి మార్కులెలా వేస్తారని అడిగేవారున్నారు. సమయం గురించిన ఆందోళన నిజమైనదే. మార్కుల సందేహానికి మాత్రం జవాబు ఎప్పుడో దొరికింది: సీబీఎస్ఈ పన్నెండో తరగతి సంగీతంలో సిద్ధాంతానికి 30 మార్కులు, ప్రయోగానికి 70, ఇంగ్లండులో బడి చివరి పరీక్ష అయిన ఏ-లెవెల్‌లో విని విశ్లేషించడానికి 40 శాతం, మిగతాది గానవాదనాలకూ స్వరరచనకూ.

అయితే నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించేది వినికిడి. మన చదువంతా రాసే చేతిని పరీక్షిస్తుంది, చెవిని ఎవరూ పట్టించుకోరు. తెలియనిదాన్ని వ్యాసంలో పది వాక్యాల వెనక దాచవచ్చు. తప్పిన శ్రుతిని దాచడానికి చోటే లేదు. తప్పును ఆ క్షణంలోనే విని, అక్కడికక్కడే దిద్దుకుని, తాళం వదలకుండా ముందుకు సాగడం సంగీత విద్యార్థి రోజూ చేసే పని. బృందంలో పాడేటప్పుడు తన గొంతుకంటే పక్కవారి గొంతునే శ్రద్ధగా వినాలి. ఎదుటివారి మాట పూర్తికాకముందే జవాబు విసిరే ఈ కాలంలో, ఓటుహక్కు రాబోతున్న వయసువారికి ఈ సాధన ఎంత అవసరమో వేరే చెప్పాలా?

బడి నేర్పకపోతే ఈ విద్య ప్రైవేటు గురువుకు డబ్బు కట్టగలిగిన ఇళ్లకే మిగులుతుంది. కాబట్టి సంగీతానికి మిగతా సబ్జెక్టులతో సమానంగా వారపు గంటలు, శాశ్వత ఉపాధ్యాయుడు ఉండాలి, ఆ మార్కులు పై చదువుల ప్రవేశాల్లో లెక్కకు రావాలి. అంతకంటే ముందు, భౌతికశాస్త్రానికీ సంగీతానికీ ఒకే పీరియడ్ కేటాయించి, రెండింటిలో ఒకటే ఎంచుకోమనే టైమ్‌టేబుల్‌ను వచ్చే విద్యా సంవత్సరంలోపే మార్చాలి.