భూగర్భ జలం: సున్నా

హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక పెద్ద కంపెనీ ఉంది. పేరెందుకు లెండి. అద్దాల భవనం, గేటు దగ్గర ఫౌంటెన్ అంటే మీకు ఓ పాతిక కంపెనీలు గుర్తొస్తాయి, అందులో ఏదో ఒకటి అనుకోండి. ఈ ఏడాది ఆ కంపెనీ ఒక్క చుక్క భూగర్భ జలం కూడా తోడలేదు. ఇది నా మాట కాదు, వాళ్ల వార్షిక నివేదికలో రంగుల కాగితం మీద అచ్చయిన మాట. 'భూగర్భ జలం' అన్న గడికి ఎదురుగా సున్నా. ఆ సున్నాకు చప్పట్లు కొట్టారట, కేక్ కూడా కోశారట.

గిట్టనివాళ్లు ఎక్కడైనా ఉంటారు. బోర్లు ఎండిపోయాయి కాబట్టే తోడలేదని వాళ్ల వాదన. నిజమే, వెయ్యి అడుగులు దాటించినా ఆ బోర్లలోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. అయితే మాత్రం? ఉపవాసం ఉన్నవాడిని పట్టుకుని మీ ఇంట్లో బియ్యం ఉన్నాయా లేవా అని అడుగుతామా?

ఇలాంటి లెక్కలు రాయమన్నది స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ. స్టాక్ మార్కెట్‌లో పెద్దవైన వెయ్యి లిస్టెడ్ కంపెనీలు నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నాయో, ఎన్ని వాడుతున్నాయో 2022-23 నుంచి తప్పనిసరిగా చెప్పాలి. నదులు, చెరువుల నీళ్లకు ఒక వరస, భూగర్భ జలానికి ఒక వరస, సముద్రపు నీళ్లకు ఒకటి. ఇవన్నీ కాక 'థర్డ్ పార్టీ' అని ఇంకో వరస ఉంది. బయటివాళ్లు ఎవరు పోసినా అందులోనే వేసుకోవచ్చు. జలమండలి నల్లా అయినా అదే వరస, ట్యాంకర్ అయినా అదే వరస. ఈ గడిని కనిపెట్టినవాడెవరో కానీ హైదరాబాద్ వేసవి గురించి బాగా తెలిసినవాడై ఉండాలి.

రాత్రి పదకొండు దాటాక వెనక గేటు దగ్గర నిలబడితే ఆ వరస ఎలా నిండుతుందో చూడొచ్చు. శంకర్‌పల్లి వైపు ఏదో పొలంలో బోరు. మోటార్ వేసి ట్యాంకర్ నింపుతున్నంతసేపూ అది సిసలైన భూగర్భ జలమే. ట్యాంకర్ రోడ్డెక్కుతుంది, ఔటర్ దాటుతుంది, స్పీడ్ బ్రేకర్ల దగ్గర మూతలోంచి కాస్త ఒలకబోసుకుంటూ వచ్చి గేటు ముందు ఆగుతుంది. సెక్యూరిటీ అతను రిజిస్టర్‌లో బండి నంబర్ రాస్తాడు. ఆ క్షణాన నీళ్ల కులగోత్రాలు మారిపోతాయి. డ్రైవర్ పైపు తగిలించి సంపులోకి వదిలేది భూగర్భ జలం కాదు, థర్డ్ పార్టీ జలం. పొలంలో బోరు ఎంత లోతుకు దిగినా కంపెనీ సున్నాకు ఢోకా లేదు. ఆ పొలం యజమాని ఏ స్టాక్ మార్కెట్‌లోనూ లేడు, కాబట్టి ఆయన ఏ నివేదికా ఇవ్వక్కర్లేదు.

మా అపార్ట్‌మెంట్‌కు వచ్చేవీ అవే ట్యాంకర్లు. కాకపోతే మేం బేరం ఆడతాం, వాళ్లు ఆడరు. అందుకని 2024 ఎండాకాలంలో మా ట్యాంకర్ ఎప్పుడూ 'దారిలో ఉంది సార్'.

ఇక పొదుపు సంగతి. అందులో కంపెనీ పట్టుదలకు దండం పెట్టాల్సిందే. బాత్‌రూముల్లో కుళాయిలన్నీ తీసేసి సెన్సార్‌వి పెట్టారు. చెయ్యి చాపితే మూడు సెకన్లు సన్నగా వచ్చి ఆగిపోతుంది. మళ్లీ చాపాలి. సబ్బు నురగ పోవాలంటే ఎవరికో టాటా చెబుతున్నట్టు నాలుగైదుసార్లు ఊపాలి. హౌస్‌కీపింగ్ గదిలోని మామూలు నల్లాకు జల పొదుపు కమిటీ తాళం వేయించింది, అక్కడ లీటర్లు లెక్క తేలడం లేదని. ఇప్పుడు నేల తుడిచే అక్క వాష్‌బేసిన్ ముందు నిలబడి, ఒక చేత్తో మగ్గు పట్టుకుని రెండో చెయ్యి ఊపుతూ బకెట్ నింపుకుంటోంది. బకెట్ బేసిన్‌లో పట్టదు కదా. 'ఇంతసేపా అక్కా?' అని ఎవరో అడిగితే, 'ఏం జెయ్యాలె సార్, అది ఆగుకుంట ఆగుకుంట వస్తది' అందట. ఆమె నెత్తి మీదే పోస్టర్: ప్రతి చుక్కా విలువైనదే. ఆమె సమయం మాటేమిటన్న పోస్టర్ ఇంకా ప్రింటింగ్‌లో ఉన్నట్టుంది.

మీటింగుల్లో అర గ్లాసు నీళ్లే పోస్తారు. కావాలంటే మళ్లీ అడగాలి. ఆ అర గ్లాసు తయారవడానికి కింద ఆర్వో ప్లాంటు ఇంచుమించు ఇంకో అర గ్లాసు ఉప్పునీళ్లను కాలవలోకి వదిలి ఉంటుంది. కానీ అది మీటింగ్ ఎజెండాలో లేదు.

ఈ కుళాయిల గొడవ ముగిశాక ఒకసారి టెర్రస్ మీదికి వెళ్దాం. మామూలుగా అక్కడికి ఎవరూ వెళ్లరు. కూలింగ్ టవర్లుండేది అక్కడే. సెంట్రల్ ఏసీ భవనంలోని వేడినంతా నీళ్లలోకి లాగి పైకి పంపితే, టవర్‌లో ఆ నీళ్లు కొంత ఆవిరై వేడిని గాల్లోకి మోసుకుపోతాయి. ఇంటి ఏసీని ఒకటిన్నర టన్ను అంటామే, ఆ టన్నుల లెక్కలో ఒక్కో టన్నుకు గంటకు ఆరేడు లీటర్లు ఆవిరవుతాయి. వెయ్యి టన్నుల ప్లాంటు పూర్తి లోడు మీద నడిస్తే గంటకు 6 నుంచి 7 వేల లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్ ఒకటి గంట తిరక్కుండానే మేఘాల్లో కలుస్తుంది. మిగిలిన నీళ్లలో ఉప్పు చిక్కబడుతుంది కాబట్టి అవి కూడా కొన్ని పారబోసి కొత్తవి కలపాలి.

కింద 5 వేల మంది ఉద్యోగులు చేతులు ఊపి ఊపి రోజుకు తలా 2 లీటర్లు మిగిల్చారనుకుందాం. మొత్తం 10 వేల లీటర్లు. పైన టవర్‌కు ఇది గంటన్నర పని. పొద్దున్నే క్యాంటీన్‌లో ఇడ్లీ తిని, కాఫీ తాగి, సీట్లో కూర్చుని పాస్‌వర్డ్ మర్చిపోయి మళ్లీ పెట్టుకునేలోపు ఆ రోజు పొదుపంతా ఆవిరి.

మరి ఏసీ కాస్త తగ్గించొచ్చు కదా అంటారు. 24 డిగ్రీలు పెట్టుకుంటే చాలని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతూనే ఉంది. కానీ ఈ భవనంలో మే నెలలో అమ్మాయిలు శాలువాలు కప్పుకుని, అబ్బాయిలు హుడీల్లో దూరి పనిచేస్తారు. బయట 42. లోపల అద్దాల్లోంచి ఎండ కొడుతుంది కాబట్టి ఏసీ పెంచాలి, పెంచితే చలి వేస్తుంది కాబట్టి శాలువా కప్పుకోవాలి. దక్కన్ ఎండలో నిలువెల్లా అద్దాల మేడ కట్టాలన్న ఆలోచన ఎవరిదో నివేదికలో లేదు. మొన్న ఒక ఉద్యోగి సూచనల పెట్టెలో 'రెండు డిగ్రీలు పెంచండి, నీళ్లు మిగులుతాయి' అని రాసి వేశాడు. కమిటీ ఆ చీటీని మెచ్చుకుని, అతనికి కంపెనీ లోగో ఉన్న స్వెటర్ బహూకరించింది.

మురుగునీటి శుద్ధి ప్లాంటు గురించి మాత్రం వెటకారం లేకుండా ఒక మంచి మాట చెప్పాలి. ఎస్టీపీని సరిగ్గా నడిపితే ఆ నీళ్లు ఫ్లష్‌లకు, మొక్కలకు, చివరికి కూలింగ్ టవర్లకు కూడా పనికొస్తాయి. ఇంత పెద్ద భవనాల్లో నిజంగా నీళ్లు మిగిల్చే పని ఏదైనా ఉందంటే ఇదొకటే. అంతవరకూ బాగానే ఉంది. అయితే కంపెనీలో జల పొదుపు కమిటీతో పాటు విద్యుత్ పొదుపు కమిటీ కూడా ఉంది, దానికి వేరే ట్రోఫీ. మురుగును తినే సూక్ష్మజీవులకు గాలి ఊదే బ్లోయర్లు కరెంటు తాగుతున్నాయని ఆ కమిటీ రాత్రిళ్లు వాటిని ఆపించింది. సూక్ష్మజీవులు నైట్ షిఫ్ట్ చేయలేక చచ్చాయి. పొద్దుటికి ఎస్టీపీ నీళ్లు కంపు. ఈ నీళ్లు పోస్తే పైపులు పాడైపోతాయని టవర్లవాళ్లు మొండికేశారు. దాంతో శుద్ధి చేసిన నీళ్లు లాన్‌కు పోగా మిగిలినవి డ్రైనేజీకి, ట్యాంకర్ నీళ్లు టవర్‌కు. ట్రోఫీలు రెండూ మాత్రం లాబీలో పక్కపక్కనే ఉన్నాయి.

ఆ లాబీకి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే గండిపేట. 1908 మూసీ వరదలో ఊరు కొట్టుకుపోయాక, విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన చెరువు. 1920లో ఈ గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. వాటిని కాపాడడానికి 1996లో 111 జీవో తెచ్చి చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో పరిశ్రమలు, పెద్ద కట్టడాలు వద్దన్నారు. 2022లో 69 జీవోతో ఆంక్షలు సడలించారు. ఇవి రెండూ చాలక నగరం ఇప్పుడు నాగార్జునసాగర్ నుంచి కృష్ణ నీళ్లు, 180 కిలోమీటర్లకు పైగా దూరంలోని ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు తెచ్చుకుని తాగుతోంది.

కంపెనీకి ఈ చరిత్ర తెలియక కాదు. తెలుసు కాబట్టే సీఎస్సార్ (సామాజిక బాధ్యత) నిధులతో ఒక చెరువును దత్తత తీసుకుంది. గండిపేట కాదు, పక్క జిల్లాలో ఎక్కడో. మిషన్ కాకతీయలో ఒకసారి పూడిక తీసిన చెరువే, ఇంకోసారి తీశారు. తవ్విన మట్టి ఎన్ని ఘనపు మీటర్లో కొలిచి, అన్ని ఘనపు మీటర్ల నీళ్లు ప్రకృతికి తిరిగి ఇచ్చేసినట్టు రాసుకున్నారు. వాన పడడం, చెరువు నిండడం ప్రకృతి చూసుకోవాల్సిన పనులు, కంపెనీ తన వంతు గుంత తవ్వి పెట్టింది. ఈ లెక్కన వాడిన నీళ్లకంటే ఇచ్చిన నీళ్లే ఎక్కువ తేలాయి. 'వాటర్ పాజిటివ్' అని గేటు మీద బోర్డు కూడా పెట్టారు. దాని కిందుగానే ట్యాంకర్లు వెళ్తాయి, ఎత్తు సరిపోయింది.

వచ్చే ఏడాది లక్ష్యం ఇంకా గొప్పది. సర్వర్లన్నీ బయటి క్లౌడ్‌కు పంపేస్తున్నారు. వాటిని చల్లబరిచే నీళ్లు ఇక వేరేవాళ్ల డేటా సెంటర్ ఖాతాలో పడతాయి. ఆ వేరేవాళ్లకూ బెంగ లేదు, మైక్రోసాఫ్ట్ 2020లోనే, అమెజాన్ క్లౌడ్ విభాగం 2022లో, 2030 కల్లా వాటర్ పాజిటివ్ అయిపోతామని ప్రకటించేశాయి. రెండింటికీ మన ఊళ్లో డేటా సెంటర్ల పెట్టుబడులున్నాయి. 2030లో హైదరాబాద్‌లో నీళ్లు వాడేది బహుశా మా అపార్ట్‌మెంట్ ఒక్కటే అవుతుంది.

ఈలోగా పారదర్శకత కోసం ట్యాంకర్ డ్రైవర్లకు కొత్త ఫారం పెట్టారు. మూడు కాపీలు, అంతా ఇంగ్లీషు. మొదటి రోజు రాత్రి డ్రైవర్ దాన్ని హెడ్‌లైట్ వెలుగులో అటూ ఇటూ తిప్పి, 'ఏముందన్నా ఇందుల?' అని సెక్యూరిటీని అడిగాడు.

'నీళ్లు ఏడికెల్లి తెచ్చినవో రాయాల్నట.'

డ్రైవర్ 'బోరు' అని రాసి సంతకం పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు ఫారం వెనక్కి వచ్చింది. ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, పక్కన రాశారు: 'బోరు అని రాయరాదు. వెండర్ అని రాయవలెను.'