కెమెరాలకు వచ్చే రేచీకటి

నగరంలో ఏ ఘోరం జరిగినా, ఏ బడిలో ఏ పసిబిడ్డకు ఆపద వచ్చినా, మరునాటి ఉదయానికల్లా పాలకులు, అధికారులు, టీవీ చర్చల్లో కూర్చునే పెద్దలు ఏకకంఠంతో రాసిచ్చే మందు ఒకటే: సీసీ కెమెరాలు పెంచాలి. ఈమధ్య పోలీసు సంస్కరణలు, ప్రజా భద్రతపై ఏర్పాటు చేసిన ఒక సదస్సుకు వెళ్లి, ఈ మాట ఎన్నిసార్లు వినబడుతుందో లెక్కపెట్టబోయి, ముప్పై దాటాక ఓపిక నశించి మానుకున్నాను.

ఆ సదస్సు విశేషాలు కొంచెం వివరంగానే చెప్పుకోవాలి. మా వీధి దీపాలు ఆరు నెలలుగా వెలగడం లేదని ఒకరు లేస్తే, చీకట్లోనూ చూడగల కెమెరా పెట్టిస్తామని వేదిక మీది నుంచి హామీ వచ్చింది. ఫిర్యాదు ఇవ్వబోతే 'ఇది మా పరిధి కాదు' అంటూ మూడు స్టేషన్లు తిప్పారని ఒక వృద్ధుడు మొరపెట్టుకుంటే, ఆ మూడు స్టేషన్ల మధ్య దారి పొడవునా కెమెరాలున్నాయి కనుక తమరు తిరిగిన తిరుగుడంతా భద్రంగా రికార్డయి ఉంటుందని ఊరడించారు. సిబ్బంది చాలడం లేదని ఒక విశ్రాంత హెడ్ కానిస్టేబులే వాపోయినప్పుడు, కెమెరాకు సెలవులు అక్కర్లేదని జవాబు వచ్చింది. నిజమే, దానికి బదిలీ కూడా ఉండదు. స్టేషన్ అధికారిని కనీసం 2 ఏళ్లు కదపకూడదని, నేర దర్యాప్తును శాంతిభద్రతల పని నుంచి విడదీయాలని, పోలీసులపై వచ్చే ఫిర్యాదులు వినడానికి రాష్ట్ర స్థాయిలోనూ జిల్లాల్లోనూ ప్రత్యేక సంస్థలుండాలని విశ్రాంత పోలీసు అధికారి ప్రకాశ్ సింగ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించిందని ఒక న్యాయవాది గుర్తుచేయబోగా, అధ్యక్షులవారు గడియారం చూసుకున్నారు. వారిని తప్పుపట్టలేము. 1861 నాటి పోలీసు చట్టం సంగతి తేల్చమని 1977లో జాతీయ పోలీసు కమిషన్‌ను వేసి, అది 1981 నాటికి రాసిచ్చిన 8 నివేదికలను బీరువాలో పదిలపరచుకున్న జాతి మనది. ఒక వకీలు గారి ఐదు నిమిషాల ప్రసంగం మనకొక లెక్కా!

కెమెరాల చూపును నేను శంకించడం లేదు. హెల్మెట్ లేకుండా పోయేవాడి బండి నంబరును వానలో కూడా చదివి, చలానా పంపగల చూపు వాటిది. విచిత్రమేమంటే, పోలీస్ స్టేషన్ గడప దాటగానే వాటికి రేచీకటి వస్తుంది. ప్రతి స్టేషన్‌లోనూ, లాకప్పులు, వరండాలు, ఇన్‌స్పెక్టర్ గది సహా అంతటా, రాత్రివేళ చూడగలిగే, మాటలు కూడా వినగలిగే కెమెరాలు పెట్టి, ఆ దృశ్యాలను 18 నెలలు దాచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా లాకప్పులో మనిషి ప్రాణం పోయిన రాత్రే కెమెరా మరమ్మతులో ఉంటుంది, లేకుంటే హార్డ్ డిస్క్ నిండిపోతుంది, అదీ కాకుంటే వైరును ఎలుక కొరుకుతుంది. చలానా కెమెరాల జోలికి ఏ ఎలుకా పోదు. దానికీ ప్రభుత్వ ఆదాయం మీద గౌరవం ఉన్నట్టుంది. గుడ్డికన్ను మూస్తేనేం, తెరిస్తేనేం అనుకుని మనం ఊరుకున్నాం గానీ, కస్టడీ మరణాల వార్త చూసి, ఈ పనిచేయని కెమెరాల సంగతేమిటని 2025 సెప్టెంబరులో అదే న్యాయస్థానం తనంతట తానుగా విచారణ చేపట్టవలసి వచ్చింది.

బడుల విషయంలో మాత్రం నాకు హాస్యం తోచడం లేదు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని, తన కింద పనిచేసేవాడి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలని, బిడ్డ వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదని, ఏ కారణంతోనూ బిడ్డను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదని 2012 నాటి పోక్సో చట్టం స్పష్టంగా చెబుతోంది. ఇవి అమలు కావడానికి ఒక్క కెమెరా కూడా కొననక్కర్లేదు. తల్లిని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, 'మీ పాప భవిష్యత్తు కూడా ఆలోచించుకోండమ్మా' అని మెత్తగా చెప్పే పెద్దమనిషి నోటిని ఏ కెమెరా మూయిస్తుంది? ఆ మెత్తని మాట నేరాన్ని కప్పిపుచ్చే మాట, జైలుకు పంపవలసిన మాట. అది విని కూడా, 'బడి పరువు' అంటూ రాజీ కుదిర్చే ఖాకీ చొక్కా అంతకన్నా పెద్ద నేరం చేస్తోంది. ఇంత జరిగాక బడి గేటుకు నాలుగు కెమెరాలు బిగించి, రిబ్బను కత్తిరించి, ఎండలో నిలబెట్టిన పిల్లల చేత చప్పట్లు కొట్టించుకోవడానికి వీళ్లకు సిగ్గెలా వేయదు?

సదస్సు ముగుస్తుండగా వెనుక వరుసలో ఒక బడి ఆయా లేచింది. 'అయ్యా, పిల్లలు ముందు మాతోనే చెప్పుకుంటారు. మేము బయటికి చెబితే మా ఉద్యోగం ఉంటుందా?' అని అడిగింది. మైకు అక్కడిదాకా రాలేదు కనుక ఆ ప్రశ్న వేదికకు వినబడలేదు. అధ్యక్షులవారు వార్డుకు 10 కెమెరాలు ప్రకటించి, శాలువా సర్దుకుని, వందన సమర్పణకు ఆదేశించారు.